ఎల్డన్ గారి గుండీలు

అమెరికా నటుడు ఎల్డన్ ప్రూయిట్‌ని తామే పెద్దవాణ్ణి చేశామని న్యూయార్క్ నాటకాలవాళ్లూ హాలీవుడ్‌ వాళ్లూ చెప్పుకుంటారు. ఉత్త కోతలు. ఆయన్ని నిలబెట్టింది లీసెస్టర్‌లో, ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుని కూర్చునే అలివేలుమంగ. ఆవిడ లేకపోతే మూడో అంకంలో ఆయన ప్యాంటు జారిపోయేది, దాంతోపాటు నలభై ఏళ్ల పేరూ జారిపోయేది. ఇందులో అతిశయోక్తి ఉంటే అది ప్యాంటు దగ్గరే.

అలివేలుమంగది తెనాలి. తండ్రి కోటయ్య నాటక సమాజాలకు వేషాలు కుట్టే దర్జీ. కిరీటాల గుడ్డలూ, జరీ అంచులూ, రాజుగారి చంకలో చిరుగులూ, వీటి మధ్యే ఆవిడ పెరిగింది. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసే సదాశివంతో పెళ్లయి ఇంగ్లండు వచ్చాక ఇరవై ఏళ్లు ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో ఊరివాళ్ల ప్యాంట్లు పొట్టి చేసింది. 2008లో ఒకరోజు జోన్ అనే ఆవిడ చిరిగిన గౌను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఊళ్లోని థియేటర్లో దుస్తుల విభాగానికి ఆవిడే పెద్ద. ఏడున్నరకి ఆట. అలివేలుమంగ నలభై నిమిషాల్లో గౌను బాగుచేసి, "ఇంతకుముందు కుట్టినవాళ్లెవరో గాని బస్సులో కూర్చుని కుట్టినట్టున్నారు" అంది. కుట్టింది జోనే. వారం తిరక్కుండా అలివేలుమంగ పేరు డ్రెస్సర్ల డ్యూటీ జాబితాకెక్కింది. డ్రెస్సర్ అంటే నటులకి వేషం తొడిగి, విప్పి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీ కుట్టే మనిషి.

"యాభై ఆరేళ్లకి నాటకాల్లోకి పోతావా?" అన్నాడు సదాశివం.

"మా నాన్న మీకిచ్చి చేసి నన్ను అందులోంచి బయటికి పంపాడు. మళ్లీ వెళ్తున్నా, అంతే."

మరుసటేడు ఆ థియేటర్లో నాటకం ఆడటానికి ఎల్డన్ వచ్చాడు. సినిమాల్లో ఆయన చాలాసార్లు పోలీసు, నాలుగైదుసార్లు జడ్జి, లెక్కలేనన్నిసార్లు హీరోయిన్ తండ్రి. ఆయన పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు, మొహం చూస్తే అందరూ "ఈయనా" అంటారు. అసలు ప్రాణం మాత్రం నాటకమే. ఒహాయోలో పొలం పనుల మధ్య పాటలు పాడిన కుర్రాడు న్యూయార్క్‌లో హోటల్లో ప్లేట్లు కడుగుతూ నాటకాల్లో చేరాడు. సినిమాలు తిండి పెడితే, ఆ తిండి తిని మళ్లీ నాటకాలాడేవాడు.

మొదటి రోజే గొడవ. కోటయ్య వేషం నటుడికి ఇచ్చే ముందు దాన్ని కళ్లకద్దుకునేవాడు. అలివేలుమంగకీ అదే అలవాటు. ఆవిడ కోటు తీసి మొహానికి ఆనించుకోవడం చూసి ఎల్డన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నిన్ననే ఉతకడానికి ఇచ్చానండీ. వాసన వస్తోందా?"

ఆవిడ నవ్వాపుకుని సంగతి చెప్పింది. మర్నాటి నుంచి ఆయన చేతులు రెండూ చాచి నిలబడేవాడు, ఆవిడ కళ్లకద్దుకున్నాకే కోటు తీసుకునేవాడు. ఆవిడ ఎల్డన్ గారూ అంటే ఆయన మంగ గారూ అనేవాడు. తర్వాత ఆ థియేటర్లో ఇంగ్లీషు నటులు కూడా చేతులు చాచడం మొదలుపెట్టారని మనవరాలు సిరి అంటుంది. ఆ మాట సగమే నమ్మండి. సిరికి అప్పుడు తొమ్మిదేళ్లు. శనివారం మధ్యాహ్నం ఆటలకి అమ్మమ్మ వెంట వెళ్లి, ఇస్త్రీ బల్ల కింద కూర్చుని ఆలూ చిప్స్ తినేది.

2013లో రెండోసారి వచ్చాడు. సినిమావాళ్ల ఫోన్లు తగ్గాయని, ఇప్పుడు తండ్రి వేషాలు పోయి తాత వేషాలొస్తున్నాయని, మొన్న ఒక సినిమాలో తను మొదటి నిమిషంలోనే చచ్చిపోయానని చెప్పి తనే నవ్వాడు. ఆవిడ పట్టుకెళ్లిన పులిహోర అడిగి మరీ తినేవాడు. వేషంతో తింటే ఊరుకునేది కాదు. అంతటి నటుడు బనియన్‌తో, మెడకి తువ్వాలు చుట్టుకుని తినేవాడు. తిరిగి వెళ్లేటప్పుడు సిరి నోట్‌బుక్‌లో సంతకం పెట్టాడు. ఆ సంతకం రైలు పట్టాల్లా తిన్నగా ఉంటుంది.

2018లో మూడోసారి. డెబ్బై నాలుగేళ్లు. అలివేలుమంగ కొలతలు తీస్తుంటే ఆయన కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. చొక్కా మార్చుకోమంటే తప్పక తీశాడు. చెయ్యి వణుకుతోంది. మొదటి గుండీ కాజాలోకి దూరే లోపల ఆవిడ రెండు ప్యాంట్లు ఇస్త్రీ చేసింది, తలెత్తలేదు.

మర్నాటికి ఆయన చొక్కాలన్నింటికీ గుండీలు పైకి అలాగే ఉన్నాయి. కాజాలు మాత్రం మూసుకుపోయాయి. కింద టిచ్ బటన్లున్నాయి, నొక్కితే పడతాయి, లాగితే ఊడతాయి.

"ఇవెందుకు?" అన్నాడాయన.

"వేషం గబుక్కున మార్చడానికి."

"ఈ నాటకంలో నేను వేషం మార్చను కదా."

"మార్చకండి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "వీళ్లకి తెలిస్తే ఇవాళే విమానం ఎక్కిస్తారు. నా బదులు ఆడేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఇదే నా ఆఖరి నాటకం మంగ గారూ. మూడు వారాలు. నా కాళ్ల మీద నేను స్టేజి దిగాలి."

"టీ చల్లారిపోతోంది" అంది అలివేలుమంగ.

ఇంకో రెండు రోజుల్లో ఆట అనగా డైరెక్టర్‌కి కొత్త ఆలోచన వచ్చింది. చివర్లో ఎల్డన్ వేసే తండ్రి ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు మాటలొద్దన్నాడు. నట్టనడుమ నిలబడి ఓవర్‌కోటు గుండీలు ఐదూ ఒక్కొక్కటే పెట్టుకోవాలి. లైటు ఆ చేతుల మీదే ఉండాలి. ఎల్డన్ బాగుందని తలూపి, నేరుగా అలివేలుమంగ దగ్గరికొచ్చాడు.

ఆవిడ ఓవర్‌కోటు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ సీన్లో కూతురుంటుందిగా?"

"ఉంటుంది. నా మీద కోపంతో మాట్లాడదు. ఊరికే నిలబడుతుంది."

"ఊరికే నిలబడే బదులు ఆ పిల్లని గుండీలు పెట్టమనండి."

"కోపంలో ఉందండీ."

"ఉంటే? మా సులోచన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ నా చీర కుచ్చిళ్లకి పిన్ను పెట్టకుండా గడప దాటనివ్వలేదు."

సులోచన ఆవిడ కూతురు, సిరి తల్లి. ఆ మౌనానికి కారణం ఇక్కడ రాస్తే ఇంకో రెండు నెలలు మౌనం మొదలవుతుంది.

ఎల్డన్ అది తన ఆలోచనగానే డైరెక్టర్‌కి చెప్పాడు. అలివేలుమంగ ఆ ఓవర్‌కోటుకి చేతులు మోచేతుల దాకా పట్టేంత లోతు జేబులు కుట్టింది. ఆయన జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడితే, కూతురు వేషం వేసిన అమ్మాయి మొహం చూడకుండా ఐదు గుండీలూ పెట్టి, కాలరు సరిచేసి వెళ్లిపోయింది. మొదటి రోజు హాల్లో దగ్గు కూడా వినపడలేదు. పేపర్లు ఆ గుండీల గురించే రాశాయి.

రెండో వారంలో జోన్ చొక్కాల బుట్ట తిరగేసింది. "మంగా, ఈ టిచ్ బటన్లేంటి? కాజాలెందుకు మూసేశావు?"

ఎల్డన్ తలుపు దగ్గరే ఉన్నాడు. అలివేలుమంగ అటు చూడలేదు.

"నాకు కళ్లు ఆనడం లేదు జోన్. కాజాలు పాడైతే కుట్టలేకపోతున్నా. ఇవైతే తేలిక."

జోన్ జాలిపడింది, ఇంకేమీ అడగలేదు. ఎల్డన్ మూడు వారాలూ ఆడి, తన కాళ్ల మీద తను స్టేజి దిగాడు. వెళ్లే రోజు ఆ కోటు ఆయనే తీసుకుని కళ్లకద్దుకుని ఆవిడ చేతికిచ్చాడు. తర్వాతి సీజన్ డ్యూటీ జాబితాలో అలివేలుమంగ పేరు లేదు. కళ్లు ఆననివాళ్లకి చీకట్లో స్టేజి వెనక పని ప్రమాదమని, పూలగుత్తితో ఒక కార్డు పంపారు. ఆవిడ ఆ పూలు గ్లాసులో పెట్టి, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించి, పక్కింటివాళ్ల కర్టెన్లు కుట్టడానికి కూర్చుంది. థియేటర్ వైపు వెళ్లే బస్సు వీధి చివర ఆగినప్పుడల్లా మాత్రం మిషన్ ఆగేది.

2019లో ఎల్డన్ రేడియోలో మాట్లాడాడు. తన వణుకు సంగతీ, టిచ్ బటన్ల సంగతీ, తలుపు దగ్గర నిలబడి విన్న అబద్ధం సంగతీ ఆయనే చెప్పాడు. జోన్ ఫోన్ చేసి ఏడ్చింది. ఈ కథంతా సిరికి అలా తెలిసింది. అమ్మమ్మ నోటి నుంచి అందులో ఒక్క ముక్క రాలేదు.

ఇదంతా తనే రాసి, సిరి అమ్మమ్మకి చదివి వినిపించింది. "ఆయన కోసం నీ ఉద్యోగం వదులుకున్నావు కదా అమ్మమ్మా. ఒక్కసారి అవునను."

అలివేలుమంగ కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఆయన చేతుల సంగతి ఆయన చెప్పుకున్నాడు, అది ఆయనిష్టం. నా కళ్ల సంగతి నేను చెప్పాను, అది నా ఇష్టం. మధ్యలో నీకేంటే? ఇంత రాసే ఓపికున్నదానివి, సగంలో వదిలేసిన ఆ ఎ-లెవెల్ పరీక్షలు రాసి చావు."