బా అని కొడితే

అక్క అవనిగడ్డలో లెక్కల టీచరు. గాలికి కిటికీలు కొట్టుకుంటున్నా చివరి బెంచీదాకా వినపడే గొంతు. ఆ గొంతుకే కేన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశాక బందరులో అమ్మ దగ్గరికి వచ్చేసింది. నేనూ ఆ ఇంట్లోనే ఉంటూ, గుడివాడలో కంప్యూటర్ ఉద్యోగానికి రోజూ బస్సులో తిరిగేదాన్ని.

అక్క ఇక టైపు చేసే మాట్లాడాలి. వేళ్లు అలిసిపోతున్నాయని ఒక ప్రోగ్రాం రాశాను. తను అన్న ప్రతి వాక్యమూ అందులోనే ఉండే చిన్న డేటాబేసులో చేరుతుంది. ఒక అక్షరం కొడితే దానితో మొదలయ్యే మాటలున్న పాత వాక్యాలన్నీ వస్తాయి. ఎంటర్ నొక్కితే పైదాన్ని పెద్దక్షరాల్లో చూపిస్తుంది. డేటాబేసు వెతికిపెడుతుంది గానీ ఏది ముందో చెప్పదు, ఆ వరుస మనమే రాసుకోవాలి. ఎక్కువసార్లు వాడింది పైకి రావాలని రాశాను.

"ఇక చూస్కో, నీకంటే ఎక్కువ వాగుతా" అని కొట్టింది అక్క.

అమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి "ఎలా ఉందే తల్లీ?" అనేది. అక్క 'బా' కొట్టి ఎంటర్ నొక్కేది. "బాగానే ఉందమ్మా" అని వచ్చేది. ఒక ఆదివారం అలవాటు కొద్దీ తెర చూడకుండా నొక్కింది. "బాధగా ఉంది" అని వచ్చింది. అమ్మ లేనప్పుడు నాతో అనే మాట అది, లెక్క పెరిగి పైకెక్కేసింది. అమ్మ గ్లాసు అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

అక్క నా మీద విరుచుకుపడింది. "'బాగానే' అన్నది ఎప్పుడూ పైనే ఉండాలి. అమ్మ ముందు వెతుక్కుంటూ కూర్చుంటే కనిపెట్టేస్తుంది."

"అబద్ధానికి ఫస్టు ర్యాంకు ఇమ్మంటావేంటక్కా?"

"లెక్కల టీచర్ని నేను. కలపమన్నది కలుపు."

కలిపాను. ఆ ఒక్క వాక్యానికి, మిగతావేవీ అందుకోలేనంత పెద్ద అంకె. ఏడుస్తూనే రాశాను ఆ లైను.

అక్క పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అమ్మ అదే చెప్పుకుంది. "చివరిదాకా బాగానే ఉందనే అందండీ నా తల్లి." వినలేక నేను లేచి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

పెద్దకర్మ అయిపోయాక ఒకరోజు ఆ లైను తీసేసి 'బా' కొట్టాను. "బాధగా ఉంది" పైకొచ్చింది. ఎన్నిసార్లు వాడిందో చెప్పే అంకె పక్కనే ఉంది, చూశాను. నాతో అన్నదానికి ఎన్నో రెట్లుంది. నేను గుడివాడలో ఉన్న పగళ్లన్నీ, ఎవరూ లేని గదిలో, అక్క ఆ తెరతోనే చెప్పుకుంది.

వెనక నుంచి అమ్మ వచ్చింది. "అక్క మాటలేనా? ఒకసారి చూపించవే."

"ఆగమ్మా" అని ఆ లైను మళ్లీ పెట్టేశాను. 'బా' అమ్మ చేతే కొట్టించాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని పైకి చదువుకుంది.

"బాగానే ఉందమ్మా."