ఎడమ పక్క బ్రేకు

నిన్న పుంగనూరికి పోతుంటే ముందున్న లారీ నుంచి బ్రేకులు కాలిన వాసన మా కారులోకి వచ్చింది. నడుపుతున్నది మా అమ్మాయి. ఎడమ సీట్లో కూర్చున్న నా కుడికాలు తనంతట తానే కింది మ్యాటును అదిమి పట్టింది. "ఆడ బ్రేకు లేదు మా" అని నవ్వింది. లేదని నాకూ తెలుసు. నా కాలికే ఆ సంగతి గంగులప్ప సార్ తెలియనివ్వలేదు.

తొంభైలలో సార్‌కు మదనపల్లెలో డ్రైవింగ్ స్కూలు ఉండేది. నాకు నేర్పి, ఆడవాళ్లకు నేర్పడానికి నన్నే పెట్టుకున్నారు. నేర్పే కారులో ఎడమ పక్కన కూడా ఒక బ్రేకు ఉంటుంది. సార్ జీవితమంతా దాని మీద కాలు పెట్టుకునే గడిచింది. తమ్ముడు రెడ్డెప్పకు పుంగనూరులో మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు. కారు గొప్పదా, బండి గొప్పదా అని కలిసినప్పుడల్లా అన్నదమ్ములకు తగువే. ఇంతలో వాళ్ల చెల్లెలి కూతురికి కుప్పంలో పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిని మండపానికి తీసుకుపోవాల్సింది మేనమామ. మేనమామలు ఇద్దరయ్యేసరికి వచ్చింది తంటా. పెద్దవాణ్ణి నేనన్నారు సార్. ఎత్తుకుని తిప్పింది నేనన్నాడు రెడ్డెప్ప. మాటా మాటా పెరిగి, అంగళ్లు అనే ఊరి దగ్గర ఇంకా ఇళ్లు కట్టని ఒక లేఅవుట్ చుట్టూ వేసిన రోడ్డు మీద పందెం కట్టుకున్నారు. గెలిచినవాడే పిల్లను తీసుకుపోవాలి.

పందెం రోజు సార్ వచ్చి ఠీవిగా ఎడమ పక్కన కూర్చున్నారు. నేను బయటే ఉన్నాను. "యాల నిలబడుకోనుండావు మా? ఎక్కి స్టీరింగు పట్టుకో" అన్నారు. కుడి పక్కన కూర్చుని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదట. ఆయన పరువు నా చేతిలో పడేసరికి ఎక్కి అద్దాన్ని రెండుసార్లు సరిచేసుకున్నాను.

తిన్నని రోడ్డు మీద బండిని కారు అందుకోలేదని మొదటి చుట్టులోనే తేలిపోయింది. మేం గేరు మార్చేలోగా గాలికి ఉబ్బిన రెడ్డెప్ప చొక్కా ఎక్కడో ముందు కనిపించింది. అయితే మలుపుల్లో ఇసుక ఉంది. అక్కడ బండి బెదురుతూ పోయేది, కారు నిలదొక్కుకుని దగ్గరికి చేరేది. చేరగానే సార్ బ్రేకు నొక్కేవారు. ఇది పందెం సార్ అన్నాను. "పందెమైతే మాత్రం మలుపు మలుపు కాదా మా?" అన్నారు. ప్రతి మలుపులోనూ హారను కొట్టించి, చేత్తో సిగ్నలు ఇప్పించారు. చూడడానికి మా వెనక ఒక మేక తప్ప ఎవరూ లేరు.

ఆఖరి మలుపులో ఎలాగో బండిని దాటేశాను. అద్దంలో చూస్తే అది ఇసుకలో జారి పడింది. గెలుపు గీత ఎదురుగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కాను. కారు గుంజుకుని ఆగిపోయింది. సార్ రెండు కాళ్లూ బ్రేకు మీదే ఉన్నాయి. మరుక్షణం తలుపు తీసుకుని తమ్ముడి దగ్గరికి పరుగెత్తారు. మోకాలు చూశారు, మట్టి దులిపారు, బండి లేపి చేతికిచ్చారు. రెడ్డెప్ప దాన్ని కుంటుతూ తోసుకుంటూ, ఆగిన మా కారు పక్క నుంచే గీత దాటి, "గెలిచినానన్నా" అన్నాడు. సార్ సరేనన్నారు. నాకైతే కోపంతో ఏడుపొచ్చింది.

పెళ్లినాటికి కూడా రెడ్డెప్ప మోకాలు వంగలేదు, బండికి కిక్కు కొట్టలేకపోయాడు. దాంతో గెలిచిన మేనమామ మా కారు వెనక సీట్లో, పెళ్లికూతురి పక్కన కాలు బారజాపుకుని కూర్చున్నాడు. స్టీరింగు దగ్గర నేను, ఎడమ పక్కన ఓడిన మేనమామ.

"కారు నీదని మురిసిపోవద్దన్నా. పిల్లను తీసకపోతాండేది నేను" అన్నాడు రెడ్డెప్ప.

"అవునప్పా, నువ్వే" అంటూ సార్ కుప్పం దాకా ప్రతి మలుపులో బ్రేకు నొక్కారు. మేం చేరేసరికి మేళగాళ్లు వాయించి వాయించి అలిసిపోయారు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆయనంత మంచివాళ్లను నేను మళ్లీ చూడలేదు. నిన్న మా అమ్మాయి లారీని దాటబోతూ, నొక్కినా ఆగదు కదా, మరి యాల నొక్కతాండావని అడిగింది.

"ముందర ఎవురన్నా పడితే ఆగాల కదమ్మా" అన్నాను.

తను నవ్వలేదు. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం సడలించింది.