లాగవుట్ చేసినా పోని పేజీ

బందరులో కంప్యూటర్ కోర్సు పూర్తిచేశాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం గుడివాడలో, ఒక పెళ్లిసంబంధాల ఆఫీసులో. దాన్ని నడిపే ఆయన రిటైరైన హెడ్మాస్టరు. లావుపాటి రిజిస్టర్లలో ఉన్న వివరాలన్నీ ఇంటర్నెట్లోకి ఎక్కించాలని ఆయన కోరిక. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట అది. నెలల తరబడి కూర్చుని వెబ్‌సైట్ తయారుచేశాను. పాస్‌వర్డ్ కొడితే తప్ప ఎవరి వివరాలూ కనపడవని మాస్టారు వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పేవారు. నేనూ అదే నమ్మాను.

ఒక సోమవారం పొద్దున ఒకమ్మాయి ఆఫీసుకి వచ్చింది. మొవ్వలో స్కూలు టీచరు. ఆమె వెనకే తలదించుకుని ఆమె బాబాయి.

"సైటు తయారుచేసింది మీరేనాండీ?" అంది.

మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని ఉత్సాహంగా ఔనన్నాను.

జరిగింది చెప్పింది. ఇంట్లోవాళ్లకి తెలియకుండా తనే మా సైట్లో నమోదు చేసుకుంది. ముందురోజు చల్లపల్లి నెట్ సెంటర్లో తన వివరాలు సరిదిద్దుకుని, లాగవుట్ చేసి వెళ్లిపోయింది. కాసేపటికి అదే కుర్చీలో బాబాయి కూర్చున్నాడు. కోతలు దగ్గరపడ్డాయి కదా, వానొస్తుందేమోనని ఉపగ్రహం తీసిన మబ్బుల ఫొటో చూద్దామని వచ్చాడు. ఏదో నొక్కబోయి వెనక్కి వెళ్లే బాణం నొక్కాడు. తెరమీద అన్నకూతురి ఫొటో! కింద ఆమె రాసుకున్నవి: వంట రాదు, నేర్చుకునే ఉద్దేశం లేదు, పెళ్లయ్యాకా ఉద్యోగం మానను.

"కావాలని చూళ్లేదండీ," అన్నాడాయన. "బాణం నొక్కితే మా పిల్ల వచ్చేసింది. అయినా అమ్మాయ్, ఇంట్లో చెప్తే మేం కాదంటామా?"

"నువ్వు కాబట్టి సరిపోయింది బాబాయ్. ఇంకెవరో అయితే?" అని నావైపు తిరిగింది.

వాళ్ల ముందే నా పాస్‌వర్డ్‌తో సైట్లోకెళ్లి, లాగవుట్ చేసి, బాణం నొక్కాను. నా పేజీ చక్కగా వచ్చి కూర్చుంది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

బందరులో నాకు పాఠం చెప్పిన సారుకి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. "బ్రౌజరు చూసిన ప్రతి పేజీకీ కాపీ తన దగ్గర పెట్టుకుంటుందోయ్. బాణం నొక్కితే ఆ కాపీ చూపిస్తుంది, నీ సర్వర్ని అడగదు. దాచుకోవద్దని పేజీతో పాటే నువ్వు చెప్పి పంపాలి."

ఆ మాట చెప్పడానికి ఒక్క లైను చాలు. పట్టుదల కొద్దీ సైట్లో ఉన్న ప్రతిదానికీ తగిలించాను. మర్నాటికి ఇంకో గొడవ. మా ఫోన్ లైను ఇంటర్నెట్ అసలే నెమ్మది, ఇప్పుడు ఏ పేజీ తెరిచినా అన్నీ మళ్లీ మొదట్నించీ రావాల్సి వచ్చింది. పైనుండే పూలదండ బొమ్మ కూడా.

"ఏమయ్యా, పెళ్లికొడుకు జుట్టు వచ్చి అయిదు నిమిషాలైంది. మొహం ఎప్పుడొస్తుంది?" అన్నారు మాస్టారు.

అప్పుడు తీరిగ్గా ఆలోచించి విడదీశాను. పూలదండ, రంగులు, ఆఫీసు గుర్తు ఎవరు చూసినా ఫరవాలేదు, వాటిని దాచుకోనిచ్చాను. మనుషుల ఫొటోలు, వాళ్లు రాసుకున్న మాటలు మాత్రం ఎక్కడా మిగలకూడదు. మొహం ఆలస్యంగా వచ్చినా సరేనని మాస్టారు ఒప్పుకున్నారు.

వారం తర్వాత బాబాయి ఒక్కడే వచ్చాడు. "ఏదీ, నన్ను నొక్కనివ్వండి," అన్నాడు. నేను లాగవుట్ చేయగానే బాణం నొక్కాడు. మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. ఇంకో నాలుగుసార్లు నొక్కి, "గట్టిదే," అని తృప్తిగా లేచి, "మా అమ్మాయికి మీ దగ్గర మంచి సంబంధాలేమున్నాయో చూపించండి," అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె తరఫున మాట్లాడింది ఆయనే.

అవనిగడ్డ అబ్బాయి కుదిరాడు. పెళ్లికి నన్నూ పిలిచారు. బాబాయి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, "కంప్యూటర్లో ఎంత పనైనా చేస్తారండీ," అని చుట్టాలందరికీ పరిచయం చేశాడు. వాళ్లలో ఒక పెద్దాయన వెంటనే జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, రింగు మార్చిపెట్టమన్నాడు. పక్కన కూర్చుని, ఒక్కొక్కటే వినిపించి, ఆయనకి నచ్చింది పెట్టి ఇచ్చాను.