తిరిగొచ్చే తీగను లెక్కపెట్టిన నర్సయ్య మిస్త్రీ

నర్సయ్య మిస్త్రీ పోయిండన్న మాట నేను బడిలో పాఠం చెబుతుండగా వినవచ్చింది. యాభై నిండని మనిషి. కామెర్లకు పసరు తాగకుండా కరీంనగర్ ఆసుపత్రికి పోయి చేరాడు, అయినా దక్కలేదు. పసరు తాగితే బతికేవాడన్న వారితో శవం పక్కనే వాదానికి దిగాను. ఆయనే ఉంటే నన్ను ఆపి కూర్చోబెట్టేవాడు.

వేములవాడ తొవ్వలో, మగ్గాల ఇంట, పోగును అటూ ఇటూ మోసే నాడె చప్పుడులో పుట్టినవాడు. కరీంనగర్‌లో లారీలు బాగుచేసే చోట కరెంటు పని నేర్చుకున్నాడు. తీగ నంబర్లు ఎలా గుర్తుంటాయని అడిగితే నవ్వేవాడు. నూలు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, తీగకూ అదే లెక్కనేవాడు.

మా ఊరికి కరెంటు స్తంభాలు రాని రోజులవి. కాన్పులు చేసే నర్సు రూతమ్మ గారి గదికి దీపం కావాలి. ఇంజనుతో పిండి ఆడించే గిర్నీలో, ఆ ఇంజనుతోనే చార్జి అయ్యే లారీ బ్యాటరీ ఒకటి ఉంది. అక్కడి నుంచి ఆ గదిదాకా నర్సయ్య తీగ లాగాడు. తీగ పోచమ్మ గుడి పైనుంచి పోయింది. సాయంత్రం బల్బు వెలిగింది కాని, పసుపుపచ్చగా వెలిగింది. ఆ వెలుతురులో సూదిలోకి దారం ఎక్కడం లేదన్నారు రూతమ్మ గారు.

పసుపు రంగు ఊరికి చాలింది. అడగకుండా నెత్తిమీంచి తీగ గుంజినందుకు అమ్మ వెలుగును తాగుతున్నదన్నారు. ఆ గదిలో కాన్పుకు ఆడవాళ్లను పంపబోమన్నారు. గిర్నీ పటేలు నర్సయ్యను పక్కకు పిలిచి మెల్లగా సలహా చెప్పాడు.

"ఒక మేకపోతును కోద్దాం. గా సందుల నువ్వు లావు తీగ మార్చుకో. అమ్మ పేరు నిలుస్తది, నీ పేరు నిలుస్తది."

అంటే తప్పు తీగలో ఉందని పటేలుకూ అనుమానమే. నర్సయ్య తల అడ్డంగా ఊపాడు. మరునాడు ఊరిని గిర్నీకి పిలిచాడు. బల్బును బ్యాటరీకి ఆనించాడు, తెల్లగా వెలిగింది. గుడి మీది తీగనంతా విప్పి తెచ్చి, చుట్టగా చుట్టి గిర్నీలోనే పెట్టి, దాని కొసకు బల్బు కట్టాడు. మళ్లీ అదే పసుపు. పోచమ్మ ఇక్కడ లేదు కదా, మరి వెలుగు ఎవరు తాగారని అడిగాడు. తానే జవాబు చెప్పాడు.

"తీగ తాగింది. లెక్కల నేనే తప్పిన. కరెంటు పోయే తొవ్వ కొలిచిన, మర్లొచ్చే తొవ్వ ఇడిసిపెట్టిన. రెండింతల పొడుగుకు సన్న తీగ ఏసిన."

నర్సయ్య తండ్రి గుంపులోనే ఉన్నాడు. "మగ్గం కాడ పుట్టినోనివి, నాడె మర్లొస్తదని మర్సినవార?" అన్నాడు. ఊరంతా నవ్వింది, నర్సయ్యా నవ్వాడు. మూడోనాటికి రెండింతల లావు తీగ అదే గుడి మీదుగా పోయింది. రూతమ్మ గారి గది తెల్లబడింది. ఆ నెలలోనే అక్కడ ఒక కాన్పు జరిగింది, తల్లీ బిడ్డా క్షేమం.

తప్పు ఒప్పుకున్నందుకు రెండూళ్లవాళ్లు ఆయనను పిలవడం మానేశారు. సగం లెక్క మిస్త్రీ అని పేరు పెట్టారు. ఆయన మాత్రం ఆనాటి నుంచి ఎక్కడ పని ఒప్పుకున్నా, తీగ పోయే దారివెంట అడుగులు గట్టిగా లెక్కపెడుతూ నడిచేవాడు, లెక్క ఆపకుండా వెనక్కి నడిచేవాడు. ఆ తర్వాతే తీగ నంబరు చెప్పేవాడు. అలా వేసిన దీపం ఒక్కటీ పచ్చబడలేదు. దేవుడు లేడని నేను వెయ్యి సభల్లో అరిచినా ఆ నడక ముందు చాలదు.

ఈ కథ నేను పదేళ్లుగా సభల్లో చెబుతున్నాను. పోచమ్మ ఓడిందన్న చోట చప్పట్లు కొట్టించుకుని దిగేవాణ్ణి. ఒక ముక్క దాచాను. ఊరిని పిలిచే ముందు నర్సయ్య తన తప్పు నాకే మొదట చెప్పాడు. ఒప్పుకుంటే మూఢులు గెలుస్తారని నాకు భయం. బ్యాటరీ పాతదని చెప్పెయ్యమన్నాను.

"పాత బ్యాటరీ అంటే గా మాట గూడ ఇంకో పోచమ్మే గద సారూ," అన్నాడు.

నా సభల్లో ఆయన ముందు వరుసలో కూర్చునేవాడు. ఆ ముక్క ఎందుకు మింగావని ఒక్కనాడూ అడగలేదు. పోయే తొవ్వ మాత్రమే కొలిచిన నా లెక్కను ఇవాళ సరిచేస్తున్నాను. ఒప్పో తప్పో చూసి చెప్పడానికి నర్సయ్య లేడు.