నా మీద నాకే కోపం

నంద్యాలలో బస్సెక్కినప్పుడు నా మనసునిండా పగే. కిందటేడు కబడ్డీ ఫైనల్లో నేను దొరికిపోయి ఓడాక, అవతలి కెప్టెన్ అందరి ముందూ నన్ను చూసి నవ్వింది. ఇప్పుడు ఆళ్లగడ్డలో మళ్ళీ ఆమెతోనే ఆట. "దద్దమ్మా, ఈసారీ చెడగొడతావ్" అని గొణుక్కుంటున్నాను.

"ఎవర్ని తిడతాండావమ్మీ?" అంది పక్కసీటులోని బురఖా పెద్దావిడ.

"నన్నే" అని జరిగింది చెప్పాను.

"ఆ పిల్ల ఒక్కసారే నవ్వింది. నువ్వు దినామూ తిట్టుకుంటాండావే! నీ మీద నీకే దయ లేకుంటే కాళ్ళు యాడ కదుల్తాయి?" అని, దారిలో దిగిపోయింది.

ఆళ్లగడ్డ ఆటలో మొదటి కూతలోనే దొరికిపోయాను. తిట్టు నోటిదాకా వచ్చింది. "పోనీలే, మళ్ళీ పోదాం" అనుకున్నాను. ఆఖరి కూతలో ఆ కెప్టెన్‌నే తాకి గీత చేరాను, గెలిచాం.

మట్టిలో కూలబడ్డ ఆమెను చూసి తనివితీరా నవ్వాను. నా దగ్గరున్న జాలి ఆ రోజు నా ఒక్కదానికే సరిపోయింది.