సందులోకి రాని కారు

పెట్రోలులో ఆయిలు కలిసి కాలే వాసన ఇప్పుడు ఎక్కడోగానీ రాదు. మొన్న ఆళ్లగడ్డ బంకు దగ్గర ఎవరో ముసలాయన పాత మోపెడ్ మీద నీలం పొగ వదులుతూ నా కారు ముందు నుంచి పోతుంటే, అద్దం దించి మరీ పీల్చాను. వెనక హారన్లు మోగుతున్నా కదలబుద్ధి కాలేదు.

మా నాయన ఆళ్లగడ్డలో శిల్పి. సాయంత్రానికి ఒళ్లంతా రాతిపొడితో తానే ఒక విగ్రహంలా ఇంటికొచ్చేవాడు. ఆయనకో ఆకుపచ్చ మోపెడ్ ఉండేది. దాని ఖర్చంతా మా కళ్లెదుటే: లీటరు పెట్రోలు, అందులో చిన్న మూతెడు ఆయిలు, ఎప్పుడైనా ఒక పంక్చరు. ప్లగ్గుకు మసి పడితే తనే విప్పి గరుకు కాగితంతో రుద్దేవాడు. పెట్రోలు అయిపోతే బండిని పక్కకు వంచి, అడుగున దాక్కున్న చుక్కల్ని రప్పించి, వాటి మీదే ఇల్లు చేరేవాడు. అదీ కుదరకపోతే పెడల్ తొక్కడమే.

ఆదివారం వస్తే నంద్యాల. అక్కడ మా మేనత్త, నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు, మామ పోయాక కుట్టుమిషను పెట్టుకుని ఒంటరిగా ఉండేది. ముందు నేను నిలబడి, వెనక అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా కాళ్ల సందున సంచిలో జొన్నలు, గోంగూర, కాలమైతే సీతాఫలాలు, కుడిపక్కన నల్లమల మా వెంటే నడుస్తూ, వానలకు నల్లరేగడి వాసన, ఎండాకాలం మొహాన కొట్టే వడగాలి, దారిలో శిరివెళ్ల దగ్గర ఇంజను చల్లారేదాకా ఒక టీ. అత్త ఇంటి సందు ఎంత ఇరుకంటే, రెండు గేదెలు ఎదురైతే ఒకటి వెనక్కి నడవాల్సిందే. మోపెడ్ మాత్రం నేరుగా వాకిట్లోకే పోయేది.

“ముందు కాళ్లు కడుక్కోపోండి, ఉగ్గాని చల్లారిపోతాంది,” అనేది అత్త. అదే ఆమె పలకరింపు. నాయన ఉగ్గాని, బజ్జీలు తిని నులకమంచం మీద వాలితే సాయంత్రందాకా లేచేవాడు కాదు. మేం అరుగు మీద గులకరాళ్లతో అచ్చంగాయలు ఆడేవాళ్లం. మిషను చప్పుడూ నాయన గురకా ఒకదాన్నొకటి తరుముకునేవి. పగటిపూట నాయన నిద్రపోవడం నేను చూసింది ఆ ఇంట్లోనే.

కారు కావాలని గోల పెట్టింది నేను. మోపెడ్ మీద నలుగురం పోవడం చూసి బళ్లో పిల్లలు నవ్వేవాళ్లు. నాయనకూ మనసులో ఉన్నట్టుంది, “మోపెట్లో పోతే విగ్రహాలకు అడ్వాన్సు గూడా ఇయ్యరు లే,” అంటూ దాన్ని అమ్మేసి ఒక పాత తెల్ల కారు తెచ్చాడు. కొబ్బరికాయ కొట్టి సంబరపడ్డాం గానీ, ముందుంది ముసళ్ల పండగని తెలీదు. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, వారం వారం మెకానిక్కు. “ఊరికే కారు తీస్తామా? పనుంటే పోదాం,” అనేవాడు నాయన. చెల్లెల్ని చూడటం పనికిందికి రాదు కదా. ఆదివారాలు కాస్తా నెలకొకసారయ్యాయి, తర్వాత పండగలకు మాత్రమే మిగిలాయి.

కారులో మొదటిసారి వెళ్లినప్పుడు అత్త ఉత్తకాళ్లతో పెద్దరోడ్డుదాకా పరుగెత్తుకొచ్చి కారుకు దిష్టి తీసింది. కారు ఆ సందులోకి పట్టలేదు. రోడ్డు మీదే వదిలి వచ్చిన నాయన ఇక ఇంట్లో కూర్చోలేకపోయాడు. ఎవరైనా గీకుతారేమో, లారీ వెనక్కి వస్తోందేమో. కాఫీ గుమ్మంలో నిలబడి తాగాడు, రెండుసార్లు సందు చివరిదాకా వెళ్లి చూసొచ్చాడు. అత్త వాల్చిన మంచాన్ని మళ్లీ గోడకు ఆనించింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆమె పలకరింపు ఒకటే: “కారు యాడ పెట్టినావన్నా?”

ఒకసారి దారం పళ్లతో కొరుకుతూ నాతో అంది: “మోపెట్లో వస్తాన్నింది మా అన్న పాపా. కార్లో వచ్చేది మీ నాయన.” నాకు కోపమొచ్చింది. కారంటే కుళ్లు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాయన పోయాడు. ఆ మంచం మీద మళ్లీ ఒక్కసారైనా పడుకోకుండానే పోయాడు. మిషను మూలన గుడ్డ కప్పుకుని ఉంది. మంచానికి నులక పోయి ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. నాకూ కారుంది, దాంతోపాటు నాయన జబ్బూ ఉంది. అత్త ఇంట్లో పది నిమిషాలు కుదురుగా ఉండలేను.

పోయిన ఆదివారం కారు మెకానిక్కు షెడ్డులో ఉంటే బస్సులో వెళ్లాను. చూపు మందగించిన అత్త గుమ్మం పట్టుకుని సందు చివరికేసి చూసింది.

“కారు యాడ పెట్టినావ్ పాపా?”

“తేలేదత్తా. బస్సుకొచ్చినా.”

“మంచి పని చేసినావ్,” అని ఆ వయసులో తనే మంచం వాల్చి, దుప్పటి పరిచి, కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ఊళ్లో సంగతులు చెబుతూ చెబుతూ ఆగి, నా వైపు చూసింది.

“కారు తేలేదంటివే, ఇంగెందుకు నిలబడుకున్నావ్?”

అప్పుడు చూసుకున్నాను. కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, సందు చివరికేసి చూస్తున్నాను.