నలగని పక్క

సముద్రపుటొడ్డున ఆ హోటలు కట్టి నూట ఇరవై ఏళ్లయితే, అందులో ముప్పై రెండేళ్లు పెద్దమ్మ చేతుల మీదుగానే నడిచాయి. కాదనేవాళ్లు రెండో అంతస్తులో అడిగి చూడండి. అక్కడి పక్కలన్నీ ఆవిడే వేసేది. దుప్పటి మూల దగ్గర ఆవిడ పెట్టే చిన్న కుచ్చు ఇంకెవరికీ పట్టుబడలేదు. పొద్దెక్కినా లేవకుండా, తలుపు తడితే "ఇంకో ఐదు నిమిషాలు" అనే అతిథులంటే మాత్రం ఆవిడకు ఒళ్లు మంట. "కుంభకర్ణుడి చుట్టాలు!" అని గొణుక్కునేది.

రిటైరైన రోజున యజమానులు సముద్రం వైపు గదిలో ఒక రోజు బస బహుమతిగా ఇచ్చారు. పెద్దమ్మ మంచం చుట్టూ మూడుసార్లు తిరిగింది గానీ ఎక్కడానికి మనసొప్పలేదు. అంత నీటుగా వేసిన పక్కను చేజేతులా నలపడమా? తివాచీ మీదే పడుకుంది. తెల్లారాక చేతులూరుకోక, దుప్పటి మూలలు విప్పి తన పద్ధతిలో మళ్లీ వేసింది. కుళాయిలు కూడా తుడిచింది.

తొమ్మిదింటికి కోడలు వచ్చింది. అత్తగారి స్థానంలో చేరాల్సిన పిల్ల. ఆ గదిలోనే ఆ రోజు ఆమెకు పక్క వేసి చూపించే పరీక్ష. లోపలికి రాగానే ఆమె చూపు దుప్పటి మూల మీద పడింది.

"ఇదేంటత్తయ్యా! ఆ కుచ్చు చూస్తే అది మీ చేతి పనేనని సూపర్‌వైజరమ్మకి తెలిసిపోదా? మీచేత చేయించాననుకుంటారు. నా ఉద్యోగం గోవిందా!"

పెద్దమ్మ నాలుక కరుచుకుంది. "ఇప్పుడేం చెయ్యమంటావే?"

"గెస్టులు చేసే పనే చెయ్యండి. పడుకోండి."

కోడలు తలుపేసి వెళ్లింది. పెద్దమ్మ తప్పు చేస్తున్నదానిలా మంచమెక్కి, అటూ ఇటూ దొర్లింది. తల దిండుకు ఆనగానే కిటికీలోంచి రోడ్డూ ప్రహరీగోడా కనబడకుండా పోయాయి. ఉన్నదంతా సముద్రమే. ఇన్నేళ్లూ ఆ అద్దాలు నిలబడి తుడిచింది గానీ, ఇలా పడుకుని ఏనాడూ చూడలేదు. ఆ అతిథులు ఎందుకు లేచేవారు కాదో ఇప్పుడర్థమైంది. పాపం, ఎంతమందిని తిట్టుకుందో! కళ్లు చెమర్చాయి.

కాసేపటికి కోడలు తలుపు తట్టి, తల లోపలికి పెట్టింది. "లేవండత్తయ్యా, సూపర్‌వైజరమ్మ వచ్చేశారు."

పెద్దమ్మ కదల్లేదు. "ఇంకో ఐదు నిమిషాలు," అంది.

కోడలు బెదురుగా వెనక్కి తిరిగి చూసింది. వెనక నిలబడ్డ సూపర్‌వైజరమ్మ ఒకప్పుడు పెద్దమ్మ దగ్గర పని నేర్చుకున్న మనిషే. చెయ్యి చాచి, చప్పుడు కాకుండా తలుపు మూసేసింది.

"గెస్టు ఆగమంటే ఆగాలమ్మా. రా, టీ తాగొద్దాం."